దూలయ్య రాసిన కడుపునొప్పి

మా జిరాక్స్ షాపు అరుగు మీద పద్దెనిమిదేళ్లుగా కూర్చుంటున్న మనిషి పేరు దూలయ్య. అరుగుకు నేను కిరాయి అడగను, ఆయన ఇవ్వడు. ఎదురుగా పోలీస్ స్టేషను, పక్కన తహసీల్దారు ఆఫీసు. దరఖాస్తు కావాల్సిన వాళ్లు ముందు ఆయన దగ్గర రాయించుకుని, తర్వాత మూడు కాపీల కోసం నా దగ్గరికి వస్తారు. అట్లా మా ఇద్దరి బతుకులూ ఒకే కాగితం మీద వెళ్లిపోతున్నాయి. నా పేరు కవిత. నాకు నోటి దురుసు ఎక్కువని ఈ మండలంలో అందరికీ తెలుసు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నొచ్చుకోవద్దు.

దూలయ్యది మణుగూరు అవతల అడవిలో ఓ కోయగూడెం. ఆ గూడెంలో పదో తరగతి పాసైన మొదటి మనిషి ఆయనే. ఆశ్రమ పాఠశాలలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు. ఫారెస్టు వాళ్ల దగ్గర కొన్నాళ్లు వాచరుగా చేశాడు. పోడు గొడవల్లో సొంత మేనమామ చేను మీదికే పొమ్మంటే, ఆ టోపీ అక్కడే పడేసి వచ్చేశాడు. అప్పటినుంచి రాతపనే. మనిషి ఎంత మెత్తనంటే, ఆయన్ని తిట్టినా అవతలివాళ్లకే సిగ్గేస్తుంది. నేను బాబాయ్ అని పిలుస్తాను, రోజుకు నాలుగుసార్లు తిడతాను.

ఇన్నేళ్లలో ఆయన ఎక్కువసార్లు రాసింది పోడు పట్టా గురించో, పెన్షన్ గురించో అనుకుంటారు అందరూ. నాకు తెలుసు కదా, కాపీలు తీసింది నేను. ఎక్కువసార్లు రాసింది కడుపునొప్పి. తండాలోనో గూడెంలోనో ఎవరైనా తన ప్రాణం తానే తీసుకుంటే, ఆ ఇంటి మగవాడు ఇద్దరిని వెంటబెట్టుకుని మా అరుగెక్కుతాడు. ఎవరి మీదా అనుమానం లేదని స్టేషన్లో కాగితం ఇవ్వాలి. కాగితంలో ఒక కారణం ఉండాలి. 'గత కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, ఎన్ని మందులు వాడినా తగ్గక, జీవితంపై విరక్తి చెంది...' అని దూలయ్య చూడకుండా రాసేస్తాడు. ఎందుకంటే కడుపునొప్పి ఎవరి మీదా నేరం మోపదు. మొగుడి మీద పడదు, అత్త మీద పడదు, ఊరి మీద పడదు. ఇంటికి వెళ్లాక ఆ విరక్తి ముక్క కూడా రాలిపోతుంది. పిల్లలకు మిగిలేది ఒక్కటే, అమ్మ కడుపునొప్పితో చచ్చిపోయింది.

"పోయినోళ్లు ఎట్లా రారు బిడ్డా. ఉన్నోళ్ల పరువన్న ఉండనియ్యి," అనేవాడు దూలయ్య, నేను మూతి తిప్పితే. నేను మూతి తిప్పుకుంటూనే కాపీలు తీసేదాన్ని. ఆ పాపంలో నా వాటా నేను దాచుకోను.

పోయిన ఆషాఢంలో ఒక సోమవారం పొద్దున దేవ్లా వచ్చాడు. జూలూరుపాడు నుంచి లోపలికి వెళ్తే వచ్చే తండా ఆయనది. పత్తి, మిరప వేస్తాడు. మూడు రోజులుగా నిద్ర లేదని మొహం చూస్తేనే తెలిసిపోతోంది.

"దూలన్నా, జల్దీ కాయిదం రాయాలె. మా సంగీత మందు తాగింది, శుక్రారం నాడు. పాణం దక్కింది. జిల్లా దవాఖానాల ఉన్నది."

సంగీత నాకు బాగా తెలిసిన పిల్ల. ఇరవై ఒక్కేళ్లు, డిగ్రీ అయిపోయింది. ఉద్యోగాల అప్లికేషన్లన్నీ నా దగ్గరే పెడుతుంది. జిరాక్సు మసకగా వస్తే "అక్కా, మీ మిషన్‌కు కళ్లజోడు పెట్టియ్యి" అని నవ్వుతుంది. రెండేళ్లుగా ఆ నవ్వు తగ్గిపోయింది. కడుపునొప్పి అనేది. స్కానింగులు తీయించారు, గొట్టం వేసి చూశారు, ఏమీ లేదన్నారు. గ్యాస్ బిళ్లలు మింగీ మింగీ పిల్ల పుల్లలా అయిపోయింది.

"ఇప్పుడెట్లుంది?" అన్నాను.

"కూసుంటది, ఇంత గంజి తాగుతది. మాట్లాడదు. రేపు మనసు డాక్టరొకాయన వస్తడట. ఆయన జూసేదాంక పంపేది లేదంటున్రు. నాకొద్దక్కా. ఆ చీటీ మీద పేరెక్కితే పిల్లను పిచ్చిదంటరు. ఇంక దానికి నౌకరెవడిస్తడు? నా పూచీ మీద నేను తీస్కపోతున్ననని ఒకటి రాయి దూలన్నా. స్టేషన్ల ఇయ్యనీకె ఇంకోటి, కడుపునొప్పి మందనుకొని పొరపాటున తాగిందని."

దూలయ్య తెల్లకాగితం తీసి మడత పెట్టాడు. రాసేటప్పుడు నోట్లో గొణుక్కోవడం అలవాటు. "గత రెండు సంవత్సరములుగా కడుపునొప్పితో..." అంటూ మొదలుపెట్టాడు.

దేవ్లా తన పాటికి తాను చెప్పుకుపోతున్నాడు. "ఆ డాక్టరమ్మ ఏందేందో అడుగుతది. మీ ఇంట్ల ఇంతకుముందు ఎవలన్న గిట్ల చేసుకున్నరా అంటది. లేదమ్మా, దీని తల్లి కడుపునొప్పితోటి పోయింది, అదే రోగం దీనికి వచ్చింది అని చెప్పిన. రాసుకున్నది."

పెన్ను ఆగిపోయింది. నా చేతిలో మిషన్ మూత అట్లాగే ఉండిపోయింది. సంగీత తల్లి ద్వాలి పోయి పద్నాలుగేళ్లు. అప్పుడు కూడా ఈ దేవ్లాయే, ఈ అరుగే. కాగితం రాసింది దూలయ్యే, మూడు కాపీలు తీసింది నేనే. ద్వాలికి ఏ కడుపునొప్పీ లేదని మా ముగ్గురికీ తెలుసు.

"దేవ్లా, డాక్టరుకు గట్ల చెప్పొచ్చునా?" అన్నాడు దూలయ్య మెల్లగా.

"ఏం, నువ్వే రాసినవు గదనే!"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఓ దేవ్లన్నా, బుద్ధుండే మాట్లాడుతున్నవా? పోలీసోళ్లకు చెప్పే ముచ్చట డాక్టరుకు చెప్తరా? తల్లి ఎట్ల పోయిందో తెల్వకుంటే పిల్లను ఎట్ల కాపాడుతరు? ఇంటికి తీస్కపోయి మళ్లొకసారి గిట్లయితే అప్పుడేం రాయిస్తవ్?"

దేవ్లా కళ్లు ఎర్రబడ్డాయి. "నువ్వు ఊకో అక్కా. ఆడపిల్ల. తల్లి గట్ల పోయింది, బిడ్డ గూడ గట్లనే అంటే తండాల తలెత్తుకొని తిరుగుతదా అది? రాయి దూలన్నా."

దూలయ్య పెన్ను మూత పెట్టేశాడు. "నేను రాయను."

పద్దెనిమిదేళ్లలో ఆ మనిషి నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. దేవ్లా కాసేపు నమ్మలేనట్టు చూశాడు. తర్వాత "నువ్వు కాకుంటే ఇంకోడు" అని రోడ్డు దాటి, ఎదురుగా కంప్యూటర్ పెట్టుకున్న కుర్రాడి దగ్గరికి వెళ్లాడు. అక్కడ అచ్చు కొట్టించుకుని బస్సెక్కడానికి ఎంతసేపు పడుతుంది?

దూలయ్య మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. "ఏంది బాబాయ్, రాయనని కూసుంటే అయిపాయెనా?" అన్నాను.

"మనమెవలం బిడ్డా? తండ్రి ఆయన. ఆయన్ను అడగకుండ వాళ్లింటి ముచ్చట ఎట్ల బయటపెడ్త?"

"పద్నాలుగేండ్ల కింద రాసేటప్పుడు ఎవల్ని అడిగినవ్? ఆ చచ్చినామెను అడిగినవా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను, అది ఆయనకు తగిలింది. లేచి తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "స్కూటీ తియ్యి" అన్నాడు.

దారంతా వాన. నేను ముందు, ఆయన వెనక గొడుగు పట్టుకుని. ఆ గొడుగు వల్ల తడవాల్సినదానికంటే ఎక్కువే తడిశాం. ఆడవాళ్ల వార్డు బయట డాక్టరమ్మ కనిపించింది, చిన్న వయసే. దూలయ్య ఆమె ముందు నిలబడి, చేతులు కట్టుకుని చెప్పేశాడు. "మేడం, మూడో మంచం పిల్ల తల్లి కడుపునొప్పితోటి పోలేదు. తనంతట తనే పోయింది. ఆ కాయిదం నేనే రాసిన."

తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. "అప్పుడు ఈ పాపకు ఎన్నేళ్లు?" అంది.

"ఏడు."

ఆమె కేసు షీటులో పాత మాట కొట్టేసి ఇది రాసుకుంది. తర్వాత, "వాళ్ల నాన్న తీసుకెళ్తానంటే బలవంతంగా ఆపలేను. కానీ ఆ అమ్మాయి మేజర్. తను ఉంటానంటే ఎవరూ తీసుకెళ్లలేరు. ఆ ఒక్క మాటే ఆమె నోట రావడం లేదు. నాతో మాట్లాడటం లేదు. మీరు తెలిసిన వాళ్లు కదా, మీరు అడిగి చూడండి" అంది.

"ఏమని అడగాలె మేడం?"

"చచ్చిపోవాలనుకున్నావా అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందేమో అని భయపడొద్దు, అట్లా రాదు. ఎవరూ అడగకపోవడమే కష్టం."

మూడో మంచం మీద సంగీత గోడకు ఆనుకుని కూర్చుంది. సెలైను సూది గుచ్చిన చోట చెయ్యి కమిలిపోయింది. నన్ను చూసి చున్నీ సర్దుకుంది. దూలయ్య స్టూలు మీద కూర్చున్నాడు. ఎన్నో వందల దరఖాస్తులు రాసిన మనిషి, ఒక్క ప్రశ్న అడగడానికి ఎంత అవస్థపడ్డాడో నేను చూశాను.

"బిడ్డా, చచ్చిపోదామనే తాగినవా?"

సంగీత ఆయన వైపు చూసింది. "ఇంటోళ్లల్ల, ఊరోళ్లల్ల ఎవలు అడగలె తాతా గిట్ల. అందరు ఎవడన్న పిలగాడు ఉన్నడా అనే అడుగుతున్రు."

"లేడా?" అన్నాను నేను. నా నోరు కాలిపోను.

"లేడక్కా." నవ్వబోయి ఏడ్చింది. "అవ్ తాతా. చచ్చిపోదామనే."

"ఎందుకు బిడ్డా?"

"యాడిని నేనే చంపిన."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఏడేళ్ల పిల్ల తల్లిని చంపడమేమిటో మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ రోజు తండ్రి చేనుకు పోయాడు. కడుపు నొస్తుంది, రోడ్డు మీది కొట్లో సోడా తీసుకురా అని తల్లి పంపింది. బడి దగ్గర బోరింగు కాడ పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. ఒక్క ఆట ఆడిపోదామని ఆగింది. ఇంటికి వచ్చేసరికి గుమ్మం నిండా జనం.

"అందరు కడుపునొప్పితోటి పోయిందన్నరు. నేను జల్దీ సోడా తెస్తే బతికేది. ఎవలు నన్ను తిట్టలె తాతా. తిట్టకుంటే ఇంక భయమైంది, అందరికి తెలిసే ఊకున్నరనుకున్న. బాపు అన్నం పెట్టేటప్పుడు నా మొఖం దిక్కు సూసేటోడు గాదు. నాకు నొప్పి మొదలైనంక, ఇది నాకు రావాల్సిందే అనుకున్న. ఎన్నిసార్లు స్కానింగు తీసినా ఏం లేదంటుంటే, యాడికి ఉన్నది నాకెందుకు కనవడదని..."

ఇంక చెప్పలేకపోయింది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని బోరున ఏడ్చాను. పక్క మంచం వాళ్లు లేచి చూశారు, చూస్తే చూడనీ అనుకున్నాను. ఒక అబద్ధం రాసి మేం ఒక ఇంటి పరువు నిలబెట్టామనుకున్నాం. ఆ అబద్ధాన్ని ఒక చిన్నపిల్ల నిజమని నమ్మి, తన మీద వేసుకుని పెరిగింది.

దూలయ్య ఏడవలేదు. మొహం మాత్రం నల్లగా అయిపోయింది. "మీ అమ్మకు కడుపునొప్పి లేకుండె బిడ్డా. నీ లెక్కనే, చచ్చిపోదామనే చేసింది. నువ్వు ఆడినా, ఆడకుండ ఉరికొచ్చినా సోడాతోటి అయ్యేది గాదు. కడుపునొప్పని రాసింది నేను. మీ బాపు చెప్పిండు, నేను రాసిన."

సంగీత కళ్లు తుడుచుకోవడం మానేసింది. "పద్నాలుగేండ్లు తాతా," అంది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే ఆ మనిషి తట్టుకునేవాడు.

అదే సమయానికి దేవ్లా వచ్చాడు. తడిసిపోయాడు, చేతిలో ప్లాస్టిక్ కవరులో అచ్చు కొట్టిన కాగితం. మమ్మల్ని చూడగానే ఆయనకు విషయం తెలిసిపోయింది. సంగీత వాళ్ల భాషలో ఏదో అడిగింది. నాకు యాడి అన్న ఒక్క మాటే అర్థమైంది. దేవ్లా మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఎవరితోనో తెలియకుండా, తెలుగులో మొదలుపెట్టాడు.

"పిలగాడు పుట్టి పురిట్లనే పోయిండు. అప్పట్నుంచి గోడ దిక్కు తిరిగి పండుకునేది. గాలి సోకిందని తాయెత్తు కట్టిచ్చిన. మూడు నెలలు జూసిన. ఆ పొద్దు చేనుకు పోతా పోతా, అందరి పిల్లలు సస్తలేరా, నీకే పుట్టి పోయిండా అన్న. గంతే అన్న. ఆ మాట తలకొచ్చినప్పుడల్ల ఈ పిల్ల మొఖం సూడలేకపోయేటోన్ని."

ఆయన తల దించుకునే ఉన్నాడు. సంగీత ఆయన నెత్తి మీది తడి జుట్టు వైపు చూస్తూ అడిగింది.

"నేనుంటిని గద బాపూ. నేనుండంగ ఎట్ల పోయింది?"

దేవ్లా వెక్కి వెక్కి ఏడ్చాడు. దూలయ్య నేల చూపు చూశాడు. ఎప్పుడు వచ్చిందో డాక్టరమ్మ మంచం కొసకు నిలబడి ఉంది.

"నీ మీద ప్రేమ లేక కాదు సంగీతా. బిడ్డ పోయాక వచ్చే అటువంటి జబ్బులో కళ్ల ముందున్న మనుషులు కూడా కనిపించరు. మీ అమ్మను ఎవరూ దవాఖానాకు తీసుకురాలేదు. నువ్వు ఇక్కడున్నావు. రేపటిదాకా ఉంటావా?"

సంగీత తండ్రి చేతిలోని కవరు చూసింది. ఇప్పుడు ఈ పిల్ల వెళ్లిపోతానంటే ఏం చేయాలా అని నేను మొక్కని దేవుడు లేడు.

"ఉంట," అంది.

ఇది జరిగి ఎనిమిది నెలలు. అంతా బాగైపోయిందని చెప్పే అలవాటు నాకు లేదు. సంగీత నెలకోసారి మనసు డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్లొస్తుంది, మందులు వాడుతుంది. నొప్పి ఇప్పటికీ వస్తుంది, తక్కువ. కొన్ని రోజులు లేవదు. ఆ రోజుల్లో దేవ్లా చేనుకు వెళ్లడు, గుమ్మంలో కూర్చుంటాడు. చేను మందులు ఇంట్లో పెట్టడం మానేసి తండా అవతల ఒక కొట్టంలో తాళం వేసి పెట్టిస్తున్నాడు. దూలయ్యతో మాత్రం మాట్లాడడు. మా అరుగు ముందు నుంచే మొహం తిప్పుకుని పోతాడు.

దూలయ్య ఇప్పుడు ఆ కాగితాలు రాయడు. వచ్చినవాళ్లకు ఉన్నదున్నట్టు రాస్తానని చెప్తాడు. వాళ్లు ఎదురుగా ఉన్న కుర్రాడి దగ్గరికి పోతారు. అక్కడ కంప్యూటర్లో కడుపునొప్పి తయారుగా ఉంది, పేరు మార్చితే చాలు. ఒకరోజు వెళ్లి కడుపారా తిట్టొచ్చాను. "వాళ్లు చెప్పిందే కొడుతున్న గద అక్కా" అన్నాడు. మా బాబాయ్ ఇన్నేళ్లూ చేసింది వేరేనా? నోరు మూసుకుని వెనక్కి వచ్చాను.

పోయిన వారం సంగీత షాపుకు వచ్చింది. దవాఖానా చీటీ కాపీ కావాలంది. ఇన్నాళ్లూ వచ్చినా దూలయ్య వైపు చూసేది కాదు, ఆయనా పలకరించే ధైర్యం చేసేవాడు కాదు. ఆ రోజు కాపీ తీసుకుని, మెట్టు దిగి, మళ్లీ ఎక్కింది. సరాసరి ఆయన ముందు నిలబడింది.

"తాతా, మా యాడికి రాసినట్టు ఇంక ఎంతమందికి రాసినవ్?"

దూలయ్య తడబడ్డాడు. "లెక్క పెట్టలే బిడ్డా."

"వాళ్లకు పిల్లలుండిరా?"

"ఉండిరి. చానమందికి ఉండిరి."

"ఆ పిల్లలు నా లెక్క ఏమనుకుంటున్నరో ఎవలన్న పోయి అడిగిన్రా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను మిషన్ ఆపేశాను. ఆ కాపీలన్నీ తీసిన చేతులు నావే, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లుగా ఆ అరుగెక్కి దిగిన మగవాళ్ల వెనక, ఇళ్లలో ఉండిపోయిన పిల్లలు ఎంతమందో అప్పుడే మొదటిసారి తలకొచ్చింది నాకు.

సంగీత అరుగు మీద ఆయన పక్కనే కూర్చుంది. నా బల్ల మీద పాడైపోయిన కాగితం ఒకటి తీసి వెనక్కి తిప్పింది. ఆయన జేబులో పెన్ను తనే తీసుకుంది.

"గుర్తున్నకాడికి చెప్పు తాతా. నేను పోయి అడుగుత."

దూలయ్య కళ్లు మూసుకున్నాడు. తర్వాత సారపాక దారిలో ఒక గూడెం పేరు చెప్పాడు.

"ఆమె పేరు యాదికొస్తలేదు. ఇద్దరు ఆడపిల్లలు. కాయిదం రాసేటప్పుడు పెద్దది తండ్రి ఏలు పట్టుకొని గీడనే నిలవడ్డది. నేను చదివి వినిపిస్తుంటే, నా మొఖం దిక్కే సూసింది."